భీమిలి తీరంలో క్యూవియర్ ముక్కు తిమింగలం: ఒక పోస్టుమార్టం వివరణ

విశాఖపట్నం నుంచి భీమిలికి వెళ్లే తీరంలో, మంగమారిపేట దాటిన తరువాత, ఈశాన్య రుతుపవనాల కాలంలో ఒడ్డుకు చేరిన ఒక తిమింగలం మృతదేహానికి పశువైద్యుడిగా నేను చేసిన పోస్టుమార్టం వివరాలివి. జంతువు క్యూవియర్ ముక్కు తిమింగలం, అంటే మూతి పక్షి ముక్కులా పొడుచుకొచ్చే తిమింగలాల కుటుంబంలోది. శాస్త్రీయ నామం జిఫియస్ కేవిరోస్ట్రిస్. మగది, వయసు మళ్లినది. నివేదికలో మరణ కారణం అన్న గడిలో ‘నిర్ధారించడం సాధ్యం కాలేదు’ అని రాశాను. ఇంత శ్రమపడి కోసి చూసి చివరికి తేల్చింది ఇదా అని పెదవి విరిచినవారు లేకపోలేదు. కుళ్లు పట్టిన దేహం నుంచి చావుకు కారణం రాబట్టడం చాలాసార్లు కుదరదు. ఆ జంతువు ఎలా బతికిందన్నది మాత్రం పళ్లలో, చర్మం మీద, కడుపులో మిగిలే ఉంటుంది. కనబడిన ప్రతి గుర్తునూ ఇది బతికుండగా పడినదా, చావుకు సంబంధించినదా, చచ్చిన తరువాత ఏర్పడినదా అని విడదీసి రాసుకోవడమే ఈ కేసులో అసలు పని అయింది.

మన తీరంలో పశువైద్యులకు తరచుగా ఎదురయ్యేవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు, అప్పుడప్పుడు డాల్ఫిన్లు, వలలో పడిన వేల్ షార్కులు. ముక్కు తిమింగలం చేతికి దొరకడం చాలా అరుదు. అవి ఖండ తీరపు అంచు దాటి, వాలు మొదలయ్యే చోట, ఇంకా ఆవలి లోతు నీళ్లలో తిరిగే జీవులు. బంగాళాఖాతం సగటు లోతు సుమారు 2,600 మీటర్లు. మన మరబోట్లు వేటాడే నీళ్లకూ ఆ లోతుకూ పొంతనే లేదు. పైకి వచ్చినా కాసేపే ఉంటాయి, గుంపులు చిన్నవి, ఊపిరి వదిలినప్పుడు లేచే తుంపర పెద్దగా కనబడదు, పడవ చప్పుడు వింటే దగ్గరకు రావు. అందువల్ల ఈ కుటుంబానికి చెందిన ఇరవై నాలుగు జాతుల్లో చాలావాటి గురించి మనుషులకు తెలిసినదంతా ఒడ్డుకు కొట్టుకొచ్చిన దేహాల నుంచి తెలిసినదే. లాంగ్‌మన్ ముక్కు తిమింగలాన్నే తీసుకుంటే, ఆస్ట్రేలియాలోని మెకే దగ్గర 1882లో దొరికిన పుర్రె, సోమాలియా తీరంలో 1955లో దొరికిన పుర్రె, ఈ రెండింటి ఆధారంగానే దశాబ్దాల పాటు ఆ జాతి ఉనికిని నమ్మవలసి వచ్చింది. శ్రీలంకలోని రత్మలాన దగ్గర ఒడ్డుకు వచ్చిన మరొక జంతువును అక్కడి జంతుశాస్త్రవేత్త డెరణియగల 1963లో మీసోప్లొడాన్ హొటౌలా అన్న కొత్త జాతిగా వర్ణిస్తే, అది మరొక జాతిలో భాగమేనని పక్కన పెట్టేశారు. జన్యు పరీక్షల తరువాత 2014లో గానీ దాన్ని మళ్లీ వేరే జాతిగా అంగీకరించలేదు. ఒక శవాన్ని సరిగ్గా కొలిచి, ఒక చర్మం ముక్కను భద్రపరిస్తే అర్ధ శతాబ్దం తరువాత కూడా పనికి వస్తుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

గుర్తింపు

మొదట అందిన సమాచారంలో ఇది ‘తిమింగలం పిల్ల’ అని ఉంది. అక్కడికి వెళ్లేసరికి చుట్టూ చేరిన మత్స్యకారులదీ అదే అభిప్రాయం. “పిల్లేనండి బాబూ, తల్లి ఎక్కడో లోతులో ఉంటాది” అని వారిలో ఒక పెద్దాయన నాతో అన్నాడు. ఆయన అంచనా అసమంజసమైనదేమీ కాదు. ఈ తీరానికి చేరే బలీన్ తిమింగలాలు, అంటే పళ్లకు బదులు నోట్లో జల్లెడ లాంటి పలకలుండేవి, ఇంతకు రెట్టింపు పొడవుంటాయి. వాటిని చూసిన కంటికి 5.9 మీటర్ల దేహం పిల్లలాగానే కనబడుతుంది. క్యూవియర్ ముక్కు తిమింగలం పూర్తిగా ఎదిగినా సాధారణంగా 5 నుంచి 7 మీటర్లకు మించదు, బరువు రెండు మూడు టన్నుల దగ్గర ఆగుతుంది. పుట్టినప్పుడు దాని పిల్ల పొడవు 2.7 మీటర్ల దగ్గర ఉంటుంది.

ముందుగా తోక దగ్గర నిలబడి చూశాము. డాల్ఫిన్లకూ చాలా తిమింగలాలకూ తోక రెక్కలు రెండూ కలిసే చోట నడిమిన ఒక నొక్కు ఉంటుంది. ఇక్కడ ఆ నొక్కు లేదు, అంచు తిన్నగా సాగిపోయింది. ఇది ముక్కు తిమింగలాల కుటుంబానికి గుర్తు. వీపు రెక్క చిన్నది, ముక్కు కొస నుంచి దేహంలో దాదాపు మూడింట రెండొంతుల దూరంలో ఉంది. గొంతు కింద రెండు గాడులు ముందుకు దగ్గరగా వచ్చి, వెనక్కి విడిపోతూ కనబడ్డాయి. ఈ మూడూ చూశాక కుటుంబం ఏదన్నది తేలిపోయింది. ఏ జాతి అన్నది తేలడానికి మాత్రం తల వైపు రావలసి వచ్చింది.

తల పాలిపోయి ఉంది; కుళ్లు వల్ల పైచర్మం ఊడిన చోట్లను పక్కన పెట్టినా, మెడ వెనక దాకా ఆ తెలుపు స్పష్టంగానే ఉంది. నుదురు ఏటవాలుగా దిగి, పొట్టి ముక్కులో కలిసిపోతుంది. కింది దవడ పైదవడ కన్నా కొంచెం ముందుకు పొడుచుకొచ్చింది. ఇసుకలో కూరుకుపోయిన ఆ దవడను ఇద్దరు ఎత్తి పట్టుకుంటే, దాని కొసన పక్కపక్కనే రెండు పళ్లు కనబడ్డాయి. శంఖాకారంలో ఉన్న ఆ పళ్లు నా బొటనవేలి కన్నా లావు; మొనలు అరిగి మొద్దుబారాయి. రెండింటిలో ఒకదాని మొదట్లో కాడ గల బార్నకిళ్లు, అంటే దేనికైనా అతుక్కుని పెరిగే చిన్న సముద్ర జీవులు, గుత్తిగా అంటుకుని వేలాడుతున్నాయి. నోట్లో వేరే పన్ను ఒక్కటీ లేదు. దవడ కొసన మొలిచిన పళ్లు రెండే ఉండడం, అవి శంఖాకారంలో ఉండడం, ముక్కు పొట్టిగా ఉండడం, తల తెల్లబారడం: ఇవన్నీ కలిసి మగ క్యూవియర్ తిమింగలాన్నే చూపుతాయి. బ్లెయిన్‌విల్ ముక్కు తిమింగలానికైతే పళ్లు దవడ మధ్యలో, పైకి వంపు తిరిగిన భాగం మీద మొలుస్తాయి. లాంగ్‌మన్ జాతికి ముక్కు పొడవుగా, నుదురు ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆడ క్యూవియర్ తిమింగలం అయి ఉంటే ఈ రెండు పళ్లూ చిగురు దాటి బయటికి వచ్చేవే కావు. అప్పుడు పుర్రె శుభ్రం చేసేదాకా ఏ జాతి అన్నది ఖాయంగా చెప్పలేకపోయేవాళ్లం.

ఈ జాతి పేరు వెనక ఉన్న చరిత్ర కూడా ఒక శవం తాలూకు చరిత్రే. ఫ్రాన్స్ మధ్యధరా తీరంలో ఫోస్ దగ్గర 1804లో దొరికిన ఒక పుర్రెను ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త జార్జ్ క్యూవియర్ పరిశీలించి 1823లో వర్ణించాడు. ఆ పుర్రెలో నాసికా రంధ్రాల ముందు లోతైన గుంట ఉంది. అటువంటి జంతువు బతికి ఉన్నట్టు ఎవరూ ఎరగరు కాబట్టి అది ఎప్పుడో అంతరించిన జాతి శిలాజమని ఆయన అనుకున్నాడు. తరువాత 1850లో మరొక ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ గెర్వే, అదే సముద్రతీరానికి కొట్టుకొచ్చిన ఒక తిమింగలం పుర్రెను పక్కన పెట్టి పోల్చి, క్యూవియర్ వర్ణించినది శిలాజం కాదనీ, ఆ జంతువు ఇంకా సముద్రంలో తిరుగుతూనే ఉందనీ చూపాడు. నిజానికి ధ్రువ జలాలను మినహాయిస్తే అన్ని మహాసముద్రాల్లోనూ ఉన్న జాతి ఇది. ముక్కు తిమింగలాలన్నిటిలోకీ ఎక్కువగా విస్తరించినది.

పైచర్మం మీది రాత

పైచర్మం చాలా చోట్ల పొరలుగా ఊడింది. అయినా కింది పొరలో మచ్చలు మిగిలాయి. వీపు మీద, పక్కల మీద తెల్లటి గీతలు పొడవుగా, కొన్ని చోట్ల జంటలుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి. జంట గీతల మధ్య దూరాన్ని కొలిచి, ఈ జంతువు దవడ కొసనున్న రెండు పళ్ల మధ్య దూరంతో పోల్చి చూశాను. రెండూ దాదాపు సరిపోయాయి. అంటే ఇవి ఇటువంటి మరొక మగ తిమింగలం నోరు మూసుకుని, దవడ కొసతో రాసుకుంటూ పోయినప్పుడు పడిన గాయాలు. ఈ జాతిలో పళ్లు తినడానికి కావు, మగవాటి మధ్య పోట్లాటకు. మానిన గాయాల మీద కొత్త గాయాలు, వాటి మీద మళ్లీ గీతలు, ఇలా ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. పిల్ల అన్న మాటను నివేదికలో కొట్టివేయడానికి పళ్ల అరుగుదల, ఈ గీతల సాంద్రత రెండూ ఆధారాలయ్యాయి. ఈ జాతి అరవై ఏళ్ల దాకా బతకగలదని అంచనా. ఖచ్చితమైన వయసు పన్నును కోసి, లోపలి పొరలను లెక్కపెడితే గానీ తెలియదు.

కడుపు పక్కన గుండ్రంగా, కోడిగుడ్డు ఆకారంలో మానిన గుంటలు మరికొన్ని ఉన్నాయి. ఇవి కుకీ కటర్ అనే చిన్న సొర పని. అది పెద్ద జంతువుల దేహానికి పెదవులతో అతుక్కుని, గుండ్రంగా తిరిగి ఒక ముద్ద కండను కోసుకుపోతుంది. అది వెచ్చని సముద్రాల్లో, పగలు లోతున ఉండి రాత్రి పైకి వచ్చే సొర. కాబట్టి ఈ గుంటలు కూడా తిమింగలం తీరానికి దూరంగా, లోతు నీళ్లలో తిరిగిందనడానికే సాక్ష్యం.

అందరి కళ్లూ పడిన గుర్తు మాత్రం వేరే ఉంది. తోక మొదట్లో, కాడ సన్నబడే చోట, చుట్టూ లోతుగా తాడు కోసుకుపోయిన గాడి. అది చూసి వలలో చిక్కుకుని చనిపోయిందని అప్పటికే ఒక నిర్ణయం జరిగిపోయింది. ఆ గాడి మీదుగా అడ్డంగా కోసి, కింది కొవ్వు పొరను, కండను విప్పి చూశాను. బతికి ఉన్న జంతువును తాడు అంతగా కోస్తే గాడి అంచుల వెంట రక్తం గూడుకట్టి, కణజాలం ఉబ్బి ఉండాలి. ఇక్కడ అంచులు పాలిపోయి ఉన్నాయి, రక్తం చారిక కూడా లేదు. తరువాత ఒక పడవ వాళ్లు చెప్పిన మాట దీనికి సరిపోయింది: దేహం ముందే సముద్రంలో తేలుతూ కనబడిందని, వలలకు అడ్డం రాకుండా తోకకు తాడు కట్టి దూరంగా లాగి వదిలామని వాళ్లు చెప్పారు. కాబట్టి ఆ గాడిని ‘మరణానంతరం’ అన్న వరుసలో రాశాను.

తేలుతూ వచ్చిన దేహం ఎటు నుంచి వచ్చిందన్న ప్రశ్నకు కొంతవరకు జవాబుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తూర్పు తీరం వెంట సముద్ర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. వేసవి ముందు నెలల్లో దిక్కు తిరగబడుతుంది. గాలి కూడా ఆ కాలంలో ఈశాన్యం నుంచే వీస్తుంది. కాబట్టి ఈ తిమింగలం చనిపోయిన చోటు భీమిలికి ఎదురుగా కాక, శ్రీకాకుళం, ఒడిశా తీరాలకు ఆవలి లోతుల్లో ఉండే అవకాశమే ఎక్కువ.

లోపలి పరీక్ష

ఉబ్బిన దేహాన్ని కోసేటప్పుడు ముందు పక్క నుంచి చిన్న గాటు పెట్టి గ్యాస్ వదలాలి, ఎదురుగా నిలబడకూడదు. తిమింగలాలు, డాల్ఫిన్లలో బ్రూసెల్లా వంటి మనుషులకు సోకే సూక్ష్మజీవులు ఉండవచ్చు కాబట్టి చేతి తొడుగులు, మాస్కు, కంటి అద్దాలు తప్పనిసరి. చుట్టూ మూగిన జనాన్ని దూరం జరపడానికి పోలీసుల సాయం తీసుకున్నాము.

చర్మం కింది కొవ్వు పొర పట్టుకుంటే మిగతా జంతువుల కొవ్వులా జారిపోదు, మైనంలా గట్టిగా తగులుతుంది. ముక్కు తిమింగలాల కొవ్వు పొరలో ఎక్కువ భాగం నిజంగానే మైనం జాతి రసాయనాలే. ఈ విషయంలో వాటికి స్పెర్మ్ తిమింగలంతో పోలిక ఉంది. పొర మందం తగ్గలేదు, అంటే చాలాకాలం తిండి లేక చిక్కిపోయిన జంతువు కాదు.

దాని కింద కండ రంగు చూసినవారెవరూ మరచిపోరు. పండిన నేరేడు పండు పిసికినట్టు నల్లబారిన ఎరుపు. కుళ్లు వల్ల వచ్చిన నలుపు కాదది. కండలో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ అన్న ప్రొటీన్ అంత దట్టంగా ఉండడం వల్ల వచ్చిన రంగు. ఈ జంతువు ఊపిరి బిగపట్టి మునిగినప్పుడు దాని వెంట వెళ్లే ఆక్సిజన్ ఊపిరితిత్తుల్లోది కాదు, రక్తంలోదీ కండల్లోదీ. ఊపిరితిత్తులు దేహం పరిమాణంతో చూస్తే చిన్నవే. లోతుకు వెళ్లే కొద్దీ పీడనానికి పక్కటెముకల గూడు వంగి, ఊపిరితిత్తులు ముడుచుకుని, లోపలి గాలి రక్తంతో కలవని గట్టి గొట్టాల్లోకి నెట్టుకుపోతుంది. నీటిలో ప్రతి 10 మీటర్లకూ సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 3,000 మీటర్ల లోతున మూడు వందల రెట్లు. అక్కడ ఊపిరితిత్తుల్లో గాలి మిగిలి ఉంటే నైట్రోజన్ రక్తంలో కరుగుతూ పోయి, పైకి వచ్చేటప్పుడు బుడగలవుతుంది. మనుషుల్లో డైవర్లకు వచ్చే జబ్బు అదే.

కడుపు తెరిచినప్పుడు నాకు వృత్తిపరంగా ఒక చిన్న సంతోషం కలిగింది. రోజూ చూసే గేదె కడుపుకు నాలుగు గదులు. దీని కడుపులోనూ ఒకదాని నుంచి మరొకదానికి తెరుచుకునే గదులు వరుసగా ఉన్నాయి. తిమింగలాలు జంట గిట్టల జంతువుల పూర్వీకుల నుంచే వచ్చాయి. బతికి ఉన్న వాటిలో వాటికి దగ్గరి బంధువు నీటి గుర్రం. అయితే డాల్ఫిన్లలో ఉండే ముందు గది ముక్కు తిమింగలాల్లో ఉండదు, ఇక్కడా లేదు. ప్రధాన గదిలో దాదాపు అంతా స్క్విడ్ ముక్కులే. ఆక్టోపస్‌కు బంధువైన స్క్విడ్ దేహం మెత్తనిది, త్వరగా కరిగిపోతుంది. నోటి దగ్గర చిలక ముక్కులా వంగి, కైటిన్ అనే పదార్థంతో తయారైన గట్టి ముక్కు మాత్రం కరగక కడుపులో పేరుకుంటుంది. కింది ముక్కు ఆకారాన్ని బట్టి అది ఏ కుటుంబానిదో, కొలతను బట్టి ఆ స్క్విడ్ ఎంత పెద్దదో నిపుణులు చెప్పగలరు. ఈ జాతి కడుపుల్లో ప్రపంచమంతటా తరచుగా దొరికే క్రాంకిడ్, హిస్టియోట్యూథిడ్ కుటుంబాలు రెండూ లోతు నీటి స్క్విడ్‌లవే. ముక్కులన్నిటినీ జల్లెడ పట్టి, కడిగి, ఆల్కహాల్‌లో వేసి పంపాము.

పళ్లు తినడానికి కాకపోతే ఈ స్క్విడ్‌లను పట్టేదెలా? జవాబు గొంతు గాడుల్లో ఉంది. ఆ గాడులను నిలువుగా కోసి చూస్తే, నాలుక వెనక కంఠాస్థి పెద్దది, దానికి అతికిన కండలు బలమైనవి. నాలుకను పిస్టన్‌లా వెనక్కి లాగినప్పుడు గాడులు విచ్చుకుని గొంతు వెడల్పవుతుంది. నీటితో పాటు స్క్విడ్ లోపలికి పీల్చుకుపోతుంది. కొరకడం, నమలడం అన్నవే లేవు.

స్క్విడ్ ముక్కులతో పాటు పలుచటి ప్లాస్టిక్ సంచి ముక్క ఒకటి దొరికింది. పత్రికలకు అదే ముఖ్యమైపోయింది. ఫిలిప్పీన్స్‌లో 2019లో ఇదే జాతి మగ తిమింగలం కడుపులో 40 కిలోల ప్లాస్టిక్ దొరికిన మాట నిజం. నార్వేలోని సోత్రా దీవి దగ్గర 2017లో మరొకదాని కడుపులో ముప్పై దాకా ప్లాస్టిక్ సంచులు దొరికిన మాటా నిజమే. పీల్చి తినే జంతువుకు, చీకట్లో మెత్తగా వేలాడే సంచికీ స్క్విడ్‌కీ తేడా తెలియడం కష్టం. కానీ ఇక్కడ దొరికిన ముక్క దారిని మూసివేయలేదు, కడుపు గోడకు పుండు చేయలేదు, కొవ్వు తగ్గలేదు. దాన్ని ఆహారపు అలవాటుకు గుర్తుగా రాశాను, మరణ కారణంగా రాయలేదు.

మూత్రపిండాల్లో మరొక విషయం కనబడింది. చిన్న చిన్న గుత్తుల్లా ఉండే తిమింగలం మూత్రపిండాల్లో, రక్తనాళాల గోడల వెంట, క్రాసికాడా జాతికి చెందిన పొడవాటి నులిపురుగులు చుట్టుకుని ఉన్నాయి. కొన్ని చోట్ల నాళం గోడ సున్నం పట్టి గట్టిపడింది. ఈ పరాన్నజీవి క్యూవియర్ తిమింగలాల్లో తరచుగా ఉండేదే. స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల్లో చేసిన పరీక్షల్లో ఇది రక్తనాళాలను తీవ్రంగా దెబ్బతీసిన కేసులున్నాయి. ఈ కేసులో అది మరణానికి దారితీసిందని చెప్పేటంత నష్టం మిగిలిన కణజాలంలో తేలలేదు.

అది బతికిన లోతు

ఈ కండలూ, ఈ కడుపూ ఏ పని కోసం తయారయ్యాయన్నది శవంలో కనబడదు. అది చెప్పింది బతికి ఉన్న తిమింగలాల వీపుకు అంటించిన పరికరాలు. దక్షిణ కాలిఫోర్నియా తీరంలో ఎనిమిది క్యూవియర్ తిమింగలాలకు ఉపగ్రహ ట్యాగులు అమర్చి 2014లో ప్రకటించిన ఫలితాల్లో ఒక మునక లోతు 2,992 మీటర్లు. ఏ క్షీరదానికైనా నమోదైన మునకల్లో అప్పటికి అదే అన్నిటికన్నా లోతైనది. అదే అధ్యయనంలో లోతు మునకల సగటు 1,401 మీటర్లు, సగటు కాలం 67 నిమిషాలు. అమెరికా తూర్పు తీరంలోని కేప్ హటెరాస్ దగ్గర నమోదైన ఒక మునక 3 గంటల 42 నిమిషాలు సాగినట్టు 2020లో ప్రచురించారు. అది అరుదైన సందర్భం. అక్కడి వేట మునకల్లో సగం ఒక గంట లోపువే. అయితే 20 మునకల్లో 19 సుమారు 78 నిమిషాల లోపే ముగిశాయి కాబట్టి, ఆ హద్దు దాటితేనే ఆక్సిజన్ లేకుండా నడిచే జీవక్రియ మొదలవుతుందని ఆ పరిశోధకులు అనుమానించారు. ఇంకా ఆశ్చర్యమైన సంగతి ఏమంటే, రెండు గంటలు మునిగిన ఒక తిమింగలం 20 నిమిషాలు తిరిగేసరికి మళ్లీ వేటకు దిగితే, 78 నిమిషాలే మునిగిన మరొకటి దాదాపు నాలుగు గంటల పాటు పైపై మునకలతో గడిపింది. మునక ఎంతసేపు సాగితే విశ్రాంతి అంత కావాలన్న మన లెక్క ఇక్కడ నిలవలేదు.

లోతున వెలుతురు ఉండదు. క్యూవియర్ తిమింగలం అక్కడ క్లిక్కులు పంపి, వాటి ప్రతిధ్వనితో స్క్విడ్‌ను వెతుకుతుంది. క్లిక్కుల పౌనఃపున్యం 40 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో ఉంటుంది, మనిషి చెవికి అందదు. సెకనుకు రెండు మూడు చొప్పున సాగే క్లిక్కులు ఎర దగ్గరపడగానే ఒక్కసారిగా దట్టమై, తెంపులేని ధారగా మారతాయి. పైనీళ్లలో మాత్రం అది నోరు విప్పదు. గుంపులోని తిమింగలాలు కలిసే మునుగుతాయి, వేట లోతుకు చేరాకే క్లిక్కులు మొదలుపెడతాయి, తిరిగి వచ్చేటప్పుడు నిశ్శబ్దంగా, నిట్టనిలువుగా కాక ఏటవాలుగా, చివరి క్లిక్కు వినిపించిన చోటికి ఒక కిలోమీటరు దాకా పక్కకు జరిగి తేలుతాయి. చెవితో వేటాడే కిల్లర్ వేల్స్ నుంచి తప్పించుకోవడానికి ఏర్పడిన అలవాటు ఇదని కెనరీ దీవుల్లో, ఇటలీ తీరంలో చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి.

సోనార్ ప్రశ్న

తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న నగరంలో ముక్కు తిమింగలం ఒడ్డుకు వస్తే సోనార్ గురించి, అంటే నీటిలోకి శబ్దం పంపి దాని ప్రతిధ్వనితో జలాంతర్గాములను వెతికే పరికరం గురించి అడగడం సహజమే. అడగవలసిన ప్రశ్న కూడా. గ్రీస్‌లోని కిపారిసియా సింధుశాఖలో 1996 మే నెలలో డజను క్యూవియర్ తిమింగలాలు ఒడ్డుకు వచ్చాయి. బహామాస్‌లో 2000 మార్చిలో 17 తిమింగలాలు, డాల్ఫిన్లు ఒడ్డుకు చేరితే వాటిలో ఎక్కువ భాగం ముక్కు తిమింగలాలే. కెనరీ దీవుల్లో 2002 సెప్టెంబరులో 14 ముక్కు తిమింగలాలు. ఈ మూడు సందర్భాల్లోనూ ఆ నీళ్లలో శక్తిమంతమైన నౌకా సోనార్ వాడకం జరిగింది. కెనరీ దీవుల తిమింగలాలను తాజాగా కోసి చూసిన పశువైద్యులకు రక్తనాళాల్లో గ్యాస్ బుడగలు, కొవ్వు బిందువులు కనబడ్డాయి. శబ్దానికి బెదిరి మునక పద్ధతి చెదిరితే కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుందన్న వాదన అప్పటి నుంచి బలపడింది. ఆ దీవుల చుట్టూ సోనార్ వాడకాన్ని స్పెయిన్ 2004లో నిలిపివేసిన తరువాత అక్కడ అటువంటి సామూహిక మరణాలు ఆగిపోయాయి. కాలిఫోర్నియాలో ట్యాగులు వేసిన రెండు క్యూవియర్ తిమింగలాలకు కొన్ని కిలోమీటర్ల దూరం నుంచి సోనార్ లాంటి శబ్దాన్ని వినిపిస్తే, అవి క్లిక్కులు ఆపి ఆ చోటు వదిలి వెళ్లిపోయాయి. ఈ ఫలితం 2013లో వెలువడింది.

ఇంత తెలిసి ఉండి కూడా ఈ కేసులో ఆ కారణాన్ని రాయకపోవడానికి నా లెక్కలు నాకున్నాయి. సోనార్ కేసుల్లో కొద్ది గంటల్లో అనేక జంతువులు తీరం పొడవునా విడివిడిగా, చాలావరకు బతికి ఉండగానే ఒడ్డుకు వచ్చాయి. ఇక్కడ ఒకే జంతువు, చనిపోయి సముద్రంలో తేలిన తరువాత వచ్చింది. నాళాల్లో బుడగలు నాకూ కనబడ్డాయి; కానీ కుళ్లే దేహంలో బాక్టీరియా తయారుచేసే గ్యాస్ కూడా నాళాల్లోనే చేరుతుంది, కంటికి రెండూ ఒకటే. గ్యాస్‌ను సిరంజితో తీసి, అందులో నైట్రోజన్ ఎంత ఉందో పరీక్షిస్తేనే తేడా తెలుస్తుంది, అది కూడా చనిపోయిన కొద్ది గంటల్లో తీసినప్పుడే. చెవి లోపలి సున్నితమైన కణాలూ అంతే. వేళ దాటితే ఫార్మలిన్‌లో వేసినా ప్రయోజనం లేదు. అందుకే నివేదికలో ‘బుడగలు: ఉన్నాయి, కుళ్లు దశ: ముదిరినది, విశ్లేషణకు పనికిరావు’ అని మూడు ముక్కలూ ఒకే వరుసలో రాశాను. మొదటి ముక్కను విడదీసి ఎత్తి చూపే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదనిపించింది. అలాగే సోనార్ కారణం కాదని కూడా నేను రాయలేదు. కాదనడానికీ అదే తాజా కణజాలం కావాలి.

పడవ ఢీకొన్న గుర్తుల కోసం పక్కటెముకలు, వెన్నుపూసలు, పుర్రె అన్నీ తడిమి చూశాము. విరిగిన ఎముక ఏదీ దొరకలేదు.

తరువాతి పని

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద తిమింగలాలు రక్షిత జంతువులు. అటవీ శాఖ అనుమతి లేనిదే పన్ను, ఎముక ఏదీ ఎవరూ పట్టుకుపోవడానికి వీల్లేదు, నాతో సహా. అనుమతి తీసుకుని ఇథనాల్‌లో చర్మం, ఫార్మలిన్‌లో అవయవాల ముక్కలు, విడిగా పరాన్నజీవులు, ఒక పన్ను తీశాము. ఇటువంటి చోట సమయం తక్కువగా ఉంటుంది కాబట్టి తోటి పశువైద్యులకు నా సలహా ఒకటుంది: తల, దవడ, తోక అంచు, గొంతు, జననాంగపు చీలిక ఫొటోలు పక్కన స్కేలు పెట్టి ముందు తీసుకోండి, ఆ వెంటనే చర్మం ముక్క, కత్తి పట్టడం ఆ తరువాత. పోటు పెరిగి దేహం చేజారినా అప్పుడు జాతి, లింగం, పొడవు మిగులుతాయి.

గుంత తవ్వడానికి జేసీబీని పోటు గీతకు బాగా ఎగువన, ఊరి బావులకు దూరంగా నిలబెట్టించాము. దేహాన్ని ముక్కలుగా దించాక, పుర్రెను పాత నైలాన్ వలలో చుట్టి గుంత ఒక మూలన విడిగా పెట్టి, ఆ చోటు జీపీఎస్ కొలతలు అటవీ సిబ్బంది రిజిస్టరులో రాయించాము. మాంసం కుళ్లి ఊడిపోయాక తవ్వి తీయడానికి. కింది దవడను మాత్రం పాతిపెట్టలేదు. దాని కొసన ఇంకా మిగిలి ఉన్న పన్ను ఇసుకలో వదులై రాలిపోతే జాతికి కంటికి కనబడే ఆధారం పోతుంది. అందుకని దవడను ఉప్పు వేసి, గోనెలో కట్టి, ముద్ర వేయించి అటవీ శాఖ కార్యాలయానికి పంపాము.